అయిదో గుడ్డ

పాత వంతెన కొట్టుకుపోయిన వరదకి మూడో ఏడు అది. ఈసారి కొట్టుకుపోవడానికి వంతెన లేదు. అందుకని నీళ్ళు గట్టు మీద పడ్డాయి. ఏటి గట్టుకి రెండు గండ్లు పెట్టాయి. ఒక గండి పూడ్చారు. రెండోది సగంలో ఉండగా పూడ్చే బండికి నడుం పట్టేసింది.

నడుం అంటే నడుమే. ఎక్స్‌కవేటరుకి కింద గొలుసు చక్రాలు, పైన క్యాబినూ, చెయ్యీ, బకెట్టూ. కింద భాగం కదలకుండా పై భాగం గిర్రున తిరగాలి. ఇక్కడ మట్టి ఎత్తి అక్కడ పొయ్యాలి. ఆ తిప్పే మోటారు పైన, దాని గేరుబాక్సు కింద, ఒకదాని నెత్తిన ఒకటి కూర్చుంటాయి. పైదాన్లో ఆయిలు పల్చన. కిందదాన్లో చిక్కన. రెండిటికీ మధ్య గోడ ఏదీ అంటే, అరచేతిలో పట్టే ఒక రబ్బరు సీలు. అది చెడితే పై ఇంటి ఆయిలు కింది ఇంట్లోకి దిగుతుంది. కింది ఇల్లు నిండి, పొంగి, బయటికి కక్కుతుంది.

గోడల సంగతి ఫిట్టరుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన ఇంట్లోనూ ఒకటుంది.

ఆయన మామగారికి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదాని మొగుడు ఫిట్టరు. చిన్నదాని మొగుడు ఆ బండి తోలే ఆపరేటరు. మామగారు పోయాక ఇల్లు రెండు చేశారు. గోడ తిన్నగా వంటింటి కిటికీ మీదికి వచ్చింది. వచ్చింది కదా అని ఆపలేదు. ఒక రెక్క వీళ్ళకి, ఒక రెక్క వాళ్ళకి. గిన్నెలు పంచుకున్నారు. బల్లని రంపంతో కోశారు. చివరికి మామగారు కప్పుకునే నీలం చారల దుప్పటి ఒక్కటి మిగిలితే అక్కాచెల్లెళ్ళు చెరో కొసా పట్టుకుని చింపేశారు. ఆ చప్పుడుకి వీధిలో పడుకున్న కుక్క లేచి వేరే వీధికి కాపరం మార్చిందని వెల్డరు చెబుతాడు. వెల్డరు ఆ రోజు అక్కడ లేడు. అయినా చెబుతాడు.

అప్పట్నుంచీ పదకొండేళ్ళు. తోడల్లుళ్ళిద్దరిదీ ఒకే యార్డు, ఒకే బండి. మాటల్లేవు. మాటల్లేవంటే తిట్లు లేవని కాదు. మధ్యలో ఒక మనిషి కావాలి, అంతే. ఎక్కువసార్లు ఆ మనిషి వెల్డరు. వాడు లేకపోతే బండితో చెప్పుకునేవారు.

ఆపరేటరుని యార్డులో రేడియో అంటారు. స్విచ్చి మాత్రం లేని రేడియో. ఫిట్టరుని తాళం అంటారు. ఆ తాళానికి చెవి ఎక్కడుందో ఆయన పెళ్ళానికి కూడా తెలీదని అదీ వెల్డరే చెబుతాడు.

వరదలో బండి రెండు రోజులు నడుం లోతు నీళ్ళలో నిలబడింది. బురద లోపలికి పోయి సీలు అంచు అరిగింది. అది మొదటిసారి. ఫిట్టరు మోటారు దించాడు. దించాలంటే దానికున్న పైపులు విప్పాలి. అయిదు పైపులు. విప్పిన ప్రతి పైపు నోట్లో గుడ్డ కుక్కాలి, దుమ్ము పోకుండా. అది పద్ధతి. ఇంటిది ఇచ్చిన గుడ్డల మూటలోంచి చేతికొచ్చిన గుడ్డ తీసి కుక్కాడు. షాఫ్టు మీద గోరు పెట్టి చూశాడు. పాత సీలు తిరిగి తిరిగి సన్నగా గాడి పడింది. కొత్త సీలు అదే గాడిలో కూర్చుంటే కారుతుంది కాబట్టి గోరెడు పైకి కూర్చోబెట్టాడు. ఇదంతా చేస్తున్నంతసేపూ రేడియో గొలుసు చక్రం మీద కూర్చుని మోగుతూనే ఉన్నాడు.

"ఒరే వెల్డరూ, ముసలి చేతులతో సీలు ఎక్కించడం ఎలా ఉంటుందో తెలుసా? పళ్ళు లేనివాడు చెరకు నమిలినట్టుంటుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట అని చెప్పు" అన్నాడు ఫిట్టరు. "బకెట్టుని గట్టుకేసి కొట్టి బండి ఆపేవాడికి ఏ సీలైనా ఓడే."

"మద్దెలంట అన్నా" అన్నాడు వెల్డరు.

"విన్నాన్లే."

తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు గేరుబాక్సు మళ్ళీ కక్కింది. రెండోసారి దించాడు, సీలు మార్చాడు, ఎక్కించాడు. ఆరు రోజులు. మళ్ళీ కక్కింది.

అప్పుడు ఓనరమ్మ వచ్చింది.

ఓనరమ్మ మొగుడు పోయినప్పుడు బళ్ళు అమ్మేస్తుందనుకున్నారు. అమ్మలేదు. ఆయన ఉన్నప్పుడు పది మాటల్లో అయ్యే పని ఈమె దగ్గర రెండు మాటల్లో అయ్యేది. బండి పక్కన స్టూలు వేయించుకుని కూర్చుంది. కారిన ఆయిలు వేలికి రాసుకుని చూసింది.

"మూడోసారి" అంది.

"మూడోసారే" అన్నాడు వెల్డరు.

"నిన్నడిగానా?"

వెల్డరు తన అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"సీలు కొత్తదేనా?" అంది ఫిట్టరుతో.

"కొత్తదే."

"మరెందుకు కారుతోంది?"

ఫిట్టరు కారిన ఆయిలు వైపు చూశాడు. కారణం ఆయనకి తెలీదు. అది ఆయనకే కొత్త.

"ఆయనకి వయసైపోయిందమ్మా" అన్నాడు రేడియో. "నేనంటున్నాననుకోకండి. సీలంటోంది. ఒకటి కాదు, రెండంటున్నాయి."

"బ్రేకు ఎందుకుందో తెలీనివాడు తోలితే మోటారు లోపల దెబ్బ తగులుతుందమ్మా" అన్నాడు ఫిట్టరు ఓనరమ్మ చెప్పుల వైపు చూస్తూ. "దెబ్బకి సీలు పోతుంది."

"మొన్నటిదాకా పోలేదే?"

"మొన్నటిదాకా ఇంత పొగరు లేదు."

ఓనరమ్మ చెయ్యెత్తింది. ఇద్దరూ ఆగారు.

"నాకు మీ ఇంటి గోడ గొడవ వద్దు. వాన మళ్ళీ వచ్చేలోపు గండి పూడాలి. తప్పు బిగించే చేతిదన్నా అవ్వాలి, తోలే చేతిదన్నా అవ్వాలి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి రెండిట్లో ఏదో నాకు చూపించాలి. చెప్పడం కాదు, చూపించాలి. నీ చేతిదైతే షెడ్డు తాళాలు ఈ స్టూలు మీద పెట్టి వెళ్ళిపో. అతనిదైతే అతను క్యాబిను దిగి అటునుంచటే పోతాడు. ఇద్దరూ ఉండి బండి ఆగిపోవడం కంటే ఒకడు పోయి బండి తిరగడం నయం."

ఆమె లేచి వెళ్ళింది. స్టూలు అక్కడే వదిలేసింది. ఆ స్టూలు ఖాళీగా ఉండి కూడా ఇద్దరినీ చూస్తున్నట్టుంది.

ఫిట్టరుకి ఆ షెడ్డు తప్ప వేరే దిక్కు లేదు. బడికి మూడేళ్ళు వెళ్ళాడు. మూడేళ్ళలో మేష్టారు నేర్పింది గుంజీళ్ళు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇనుమే. యాభై తొమ్మిదేళ్ళ మనిషిని కొత్తగా పనిలో పెట్టుకునే ఓనరు ఎవడూ ఉండడు. అది ఒక భయం. దాని కింద ఇంకో భయం ఉంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య కుడిచేతి వేళ్ళ చివర్లు మొద్దుబారుతున్నాయి. పొద్దున్న లేచాక కాసేపు గోటికి గాడి తెలియడం లేదు. రేడియో కూసే కూతల్లో నిజం ఉందేమోనని రెండు వారాలుగా ఆయన తన వేళ్ళ వైపు దొంగల్ని చూసినట్టు చూస్తున్నాడు.

ఆ రోజంతా పని చేశాడు. ఇంజను ఆపి, పైపుల్లో ఒత్తిడి వదిలి, గేరుబాక్సు కింద బిరడా తీశాడు. తేనెలా రావాల్సిన ఆయిలు నీళ్ళలా వచ్చింది. రెండు డబ్బాలు రావాల్సింది నాలుగు వచ్చింది. పైపులు విప్పాడు, గుడ్డలు కుక్కాడు. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి గొలుసు కప్పీతో మోటారుని లేపి బల్ల మీదికి తెచ్చాడు. లాకు రింగు తీశాడు. సీలుని కొక్కెంతో లాగాడు.

లాగి, పక్కనున్న చెత్త డబ్బాలో వెయ్యబోయాడు. చెయ్యి ఆగింది.

ఆయనకి పని నేర్పిన ముసలి ఫిట్టరు చెప్పిన మాటలు రెండే. పాత సీలు చదవకుండా కొత్తది ఎక్కించకు. విప్పిన పైపు ఊదకుండా బిగించకు. ముప్పయ్యేళ్ళు ఆయన ఈ రెండూ తప్పలేదు. మొదటిసారి అరిగిన సీలు చదివాడు. రెండోసారి దాన్ని చూడకుండానే డబ్బాలో పారేశాడు. అప్పుడు రేడియో నెత్తిన నిలబడి, "మళ్ళీ కొత్తదా? ఈయనకి సీళ్ళు మేతకి చాలట్లేదురా" అంటున్నాడు. చెవుల్లో ఆ మాటే మోగింది. కళ్ళు పని చెయ్యలేదు.

ఇప్పుడు కూర్చుని చదివాడు.

అంచు అరగలేదు. కొత్త పెళ్ళికూతురి గాజులా నున్నగా ఉంది. కానీ వెనక్కి తిరిగిపోయింది. గొడుగు గాలికి తిరగబడినట్టు. లోపల చుట్టూ ఉండే సన్న స్ప్రింగు గాడిలోంచి లేచి పక్కకి వచ్చింది. ఫిట్టరు డబ్బా బోర్లించి రెండోసారి సీలు వెతికి తీశాడు. అదీ అంతే.

అరిగిన సీలు వేరు, తన్నించుకున్న సీలు వేరు. దీన్ని వెనకనుంచి ఏదో తన్నింది. బకెట్టు దెబ్బలకి ఇలా అవ్వదు. చెయ్యి వణికి ఎక్కించినా ఇలా అవ్వదు. మోటారు పొట్టలో ఆయిలు పోటు పెరిగితేనే అవుతుంది. పొట్టలో ఊరిన ఆయిలు ట్యాంకుకి పోవడానికి ఒక సన్న పైపు ఉంటుంది. అది పూడితే పోటు పెరుగుతుంది.

ఆయన లేచి బండెక్కి, సన్న పైపు నోట్లోంచి గుడ్డ తీసి, తన నోరు పెట్టి ఊదాడు. గాలి పోలేదు. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాడు. పోలేదు.

తీగకి కొస వంచి లోపలికి దూర్చాడు. మూరెడు లోపల, పైపు వంపు దగ్గర, మెత్తగా తగిలింది. మెల్లగా లాగాడు. ఆయిల్లో నానిన గుడ్డ ఎలుక తోకలా బయటికి వచ్చింది. పిండాడు. నీలం చార కనిపించింది.

నీలం చారల గుడ్డ ఎక్కడుందో యార్డులో అందరికీ తెలుసు. రేడియో క్యాబిన్లో అద్దం పక్కన వేలాడుతూ ఉంటుంది. దాంతోనే రోజూ అద్దం తుడుచుకుంటాడు. మామగారి దుప్పటిలో వాళ్ళ సగంలోంచి చింపిన ముక్క అది.

పదకొండేళ్ళలో మొదటిసారి ఫిట్టరు యార్డులో నవ్వాడు. పైకి కాదు. పైపు నోట్లో వేరే గుడ్డ పెట్టి, నీలం చారల గుడ్డని చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

అప్పుడే రేడియో వచ్చాడు. వచ్చి, బల్ల మీద మోటారుతో మాట్లాడాడు.

"ఏం మోటారూ, ఈసారి ఎన్నాళ్ళు? నాలుగా? మూడా? నీ వైద్యుడు మందు మారుస్తున్నాడే గానీ రోగం తెలీదు పాపం."

ఫిట్టరు కొత్త సీలు లోపలి అంచుకి గ్రీజు రాస్తున్నాడు. చెయ్యి ఏమాత్రం వణకలేదు.

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి రమ్మని చెప్పు" అన్నాడు.

అక్కడ వెల్డరు లేడు. ఎవరూ లేరు. రేడియో అటూ ఇటూ చూశాడు.

"ఎవరికి చెప్పాలి?" అన్నాడు మోటారుతో.

ఫిట్టరు సీలుని గోరెడు పైన, గాడి తప్పించి, చెక్కముక్క పెట్టి సుత్తితో చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టాడు. లాకు రింగు వేశాడు. మోటారుకి గోనె కప్పాడు. ఎక్కించడం పొద్దున్న. ఎక్కించడానికి ముందు చూపించాల్సింది ఒకటుంది.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఆయన పెళ్ళాం కంచం పెట్టింది. గోడ అవతల చెల్లెలు గిన్నెలు తోముతున్న చప్పుడు. ఇవతల అక్క అంతకంటే గట్టిగా గిన్నె పెట్టింది. అది రోజూ ఉండేదే.

ఫిట్టరు జేబులోంచి గుడ్డ తీసి కంచం పక్కన పెట్టాడు. ఓనరమ్మ మాటా, పైపు మాటా, గుడ్డ మాటా చెప్పాడు. ఆయన ఒక్క రోజులో అన్ని మాటలు మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆమె మొహం వెలిగింది. గోడ వైపు చూసి గొంతు తగ్గించింది.

"నాకు తెలుసు. నాకు ముందే తెలుసు. మా నాన్న పోయిననాడే అన్నాను, ఆ మనిషి కంట్లో మంచి లేదని. కావాలనే కుక్కాడండీ. మీ తాళాలు లాక్కోవాలని. ఏదీ, ఇలా ఇవ్వండి."

గుడ్డ తీసుకుని దీపం దగ్గరికి పట్టింది. మడత విప్పింది. ఒక పక్క చూసింది. రెండో పక్క తిప్పింది. అక్కడ ఆమె వేళ్ళు నిలిచిపోయాయి.

"ఏంటి?" అన్నాడు ఫిట్టరు.

ఆమె మాట్లాడలేదు. ఆ ఇంట్లో మాట్లాడకపోవడం ఫిట్టరు పని. ఆమె చేస్తే ఆయనకి భయమేసింది.

"ఏంటే?"

"అంచు కుట్టుంది" అంది.

"ఉంటే?"

"చింపాక మన సగం పోగులు లేస్తుంటే నేనే మడిచి కుట్టాను. ఎర్ర దారంతో. అప్పుడు ఇంట్లో అదే ఉంది." ఒక్కో మాటా గొంతులోంచి లాక్కుంటున్నట్టు చెప్పింది. "మా చెల్లెలు కుట్టలేదు. దానికి సూదిలో దారం ఎక్కించడమే రాదు. మొన్న వరద బురదకి మన సగం పాడైతే నేనే చింపి మీకు గుడ్డల మూటలో పెట్టిచ్చాను."

ఫిట్టరు గుడ్డ తీసుకుని వేలితో తడిమాడు. మొద్దుబారిన వేలికి కూడా కుట్టు తెలిసింది. దారం నల్లబడింది. గోటితో గీకితే కింద ఎరుపు.

అయిదు గుడ్డలు కుక్కాడు. మొదటిసారి. ఎన్ని తీశాడు? లెక్కపెట్టలేదు. ఊదలేదు. రేడియో చెరకు మాట అంటున్నాడు, తను మద్దెల మాట వెతుక్కుంటున్నాడు. అయిదో గుడ్డ లోపలే ఉండగా పైపు బిగించాడు. ఆయిలు దాన్ని నెట్టుకుంటూ పోయి వంపులో ఇరికించింది. నానిన గుడ్డలోంచి కొంచెం కొంచెం జారుతూ తొమ్మిది రోజులు, మళ్ళీ ఆరు రోజులు.

కంచంలో అన్నం చల్లారింది.

ఆమె లేచింది. కత్తెర తెచ్చింది. ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకుని కుట్టు వెంబడి కత్తిరించేసింది. వేలెడు వెడల్పు అంచు నేల మీద పడింది. మిగిలిన గుడ్డని రెండు చేతులా పట్టుకుని పోగులు లాగింది, చింపినట్టు కనపడేలా. తిరిగి ఆయన జేబులో పెట్టింది.

"ఇప్పుడిది వాళ్ళది" అంది.

ఆయన ఆమె వైపు చూశాడు.

"అలా చూడకండి. మీకు తాళాలు పోతే మనం తినేదేంటి, ఇనుమా? పదకొండేళ్ళు మిమ్మల్ని ముసలి చేతులు, ముసలి చేతులు అని ఊరంతా చాటాడు. ఒక్కసారి దేవుడు చేతికిచ్చాడు. ఏమీ అనక్కర్లేదు మీరు. మీకెలాగూ మాట రాదు. గుడ్డ స్టూలు మీద పెట్టండి, చాలు. వాళ్ళే అనుకుంటారు."

నిజమే. అనక్కర్లేదు. ఆయన జన్మంతా చేసినట్టే నోరు మూసుకుని నిలబడితే సరిపోతుంది. అందరూ క్యాబిను వైపు చూస్తారు.

గోడ అవతల రేడియో ఏదో అన్నాడు. మరదలు నవ్వింది. తర్వాత ఆమె గొంతు తగ్గించి, "పోతే ఏం చేద్దాం మరి?" అనడం కిటికీ రెక్క సందులోంచి స్పష్టంగా వినిపించింది. రేడియో దానికి జవాబు చెప్పలేదు. రేడియో మోగకపోవడం కూడా ఆయన అదే మొదటిసారి విన్నాడు.

ఫిట్టరు చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున్న ఆయన లేచేసరికి పెళ్ళాం పొయ్యి దగ్గరుంది. ఇల్లు ఊడ్చి చెత్త గుమ్మం పక్కన కుప్ప చేసి ఉంది. ఆయన వంగి, కుప్పలోంచి ఎర్ర కుట్టు ఉన్న అంచు తీసి, దుమ్ము దులిపి, రెండో జేబులో పెట్టుకున్నాడు.

ఆమె చూసింది.

"అదెందుకు?"

ఆయన చెప్పులు వేసుకున్నాడు.

"మిమ్మల్నే. అదెందుకు? అది పట్టుకెళ్ళారంటే సాయంత్రం మీకు ఈ ఇంట్లో కంచం ఉండదు. వాళ్ళింటికే వెళ్ళి తినండి. మీ తోడల్లుడు పీట వేస్తాడు."

ఆయన వెళ్ళాడు.

ఎనిమిదికి ముందే ఓనరమ్మ స్టూలు మీద ఉంది. వెల్డరు ఉన్నాడు. రేడియో క్యాబిను గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పంపించేస్తే ఉతికిన చొక్కాతో పోదామనుకున్నట్టున్నాడు. అతని వెనక అద్దం పక్కన నీలం చారల గుడ్డ వేలాడుతోంది.

ఓనరమ్మ లేచి స్టూలు ఆయన ముందుకి జరిపింది. "చూపించు."

ఫిట్టరు తిరగబడ్డ సీళ్ళు రెండూ పెట్టాడు. పక్కన గుడ్డ పెట్టాడు.

"సన్న పైపులో ఇది ఇరుక్కుంది. దీనివల్లే సీళ్ళు తిరగబడ్డాయి."

ఓనరమ్మ గుడ్డ చూసింది. వెల్డరు చూశాడు. ఆ తర్వాత ఇద్దరి కళ్ళూ కలిసే క్యాబిను వైపు లేచాయి. రేడియో తల తిప్పి తన గుడ్డ చూసుకున్నాడు. మళ్ళీ స్టూలు మీదున్నది చూశాడు. మొహంలో రక్తం లేదు.

"నాది కాదు" అన్నాడు. "అమ్మా, నాది కాదు. నా గుడ్డ ఇక్కడే ఉంది. చూడండి, ఇక్కడే..."

"చింపింది చింపినట్టే ఉంది కదన్నా" అన్నాడు వెల్డరు. జోకు కాదు. వాడికి అది జోకులా రాలేదు.

రేడియో నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఫిట్టరు అది చూశాడు. పదకొండేళ్ళు ఆ మొహాన్ని అలా చూడాలని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్క లేదు. ఆశ తీరా చూశాడు. చూసి, రెండో జేబులోంచి ఎర్ర కుట్టు అంచు తీసి గుడ్డ పక్కన ఆనించి పెట్టాడు. కత్తెర కోసిన చోట చారకి చార కలిసింది.

"ఈ కుట్టు మా ఇంటిది" అన్నాడు. "గుడ్డ నాది. మొదటిసారి దించినప్పుడు నేనే కుక్కి మర్చిపోయాను."

నడుం నుంచి తాళాల గుత్తి విప్పి వాటి పక్కన పెట్టాడు.

గండి దగ్గర నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఓనరమ్మ అంచు చేతిలోకి తీసుకుంది. "ఇది కోసిందెవరు?"

ఫిట్టరు నోటికి తాళం మళ్ళీ పడింది. ఆమె రెండోసారి అడగలేదు.

రేడియో క్యాబిను దిగి వచ్చాడు. ఫిట్టరుకి జానెడు దూరంలో నిలబడ్డాడు. వెల్డరు వైపు చూడలేదు. మోటారు వైపు చూడలేదు.

"నువ్వు" అన్నాడు. పదకొండేళ్ళకి మొదటి మాట. "నువ్వురా. నా నోటికాడి కూడు పోయేదాకా తెచ్చావు. రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు. పైగా నిన్ను అన్నయ్యా అనాలంట. థూ." ఉమ్మేశాడు. ఫిట్టరు కాళ్ళ ముందు కాదు, పక్కకి. అంతవరకే ఆ మర్యాద.

"పక్కకెందుకు? నాకు నీ జాలి అక్కర్లేదు" అన్నాడు ఫిట్టరు.

"జాలా? నేను పడ్డానా నీ మీద జాలి?"

"మంచిది."

"చాలు" అంది ఓనరమ్మ. తాళాలు తీసుకుంది. చేతిలో రెండుసార్లు ఎగరేసి చూసింది. ఫిట్టరు ముందు పడేసింది. "మోటారు ఎవరెక్కిస్తారు, నేనా? ఉంచుకో. గుడ్డలు మాత్రం ఇకనుంచి ఇతని దగ్గరుంటాయి. ఏ పైపు విప్పినా ఇతను లెక్కపెట్టి ఇవ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి. తక్కువైతే బండి స్టార్టు అవ్వకూడదు."

"నేను ఆపరేటర్నమ్మా" అన్నాడు రేడియో. "గుడ్డలు లెక్కపెట్టేవాణ్ణి కాదు."

"లెక్క వచ్చా?"

"ఎందుకు రాదు?"

"అయిదు దాకా వస్తే చాలు."

ఆమె వెళ్ళిపోయింది. స్టూలు తనతోపాటు తీసుకుపోయింది.

మోటారు ఎక్కించడానికి గంట పట్టింది. వెల్డరు గొలుసు లాగాడు. ఫిట్టరు మోటారుని గేరుబాక్సు మీద నిదానంగా దించి, పళ్ళు కలిసేదాకా వేళ్ళతో తిప్పి, బోల్టులు ఎదురూ బొదురూ బిగించాడు. చిక్కటి ఆయిలు పోశాడు. చివరికి పైపుల దగ్గరికి వచ్చాడు.

రేడియో పక్కన నిలబడి అరచెయ్యి చాపాడు. మొహం ఏటి వైపు పెట్టాడు.

ఫిట్టరు మొదటి పైపులోంచి గుడ్డ తీసి ఆ చేతిలో వేశాడు. పైపు ఊదాడు. బిగించాడు. రెండోది తీశాడు, వేశాడు, ఊదాడు, బిగించాడు. మూడోది. నాలుగోది. సన్న పైపు దగ్గరికి వచ్చి గుడ్డ తీసి వేశాడు. ఊదాడు. అవతల ట్యాంకులో గుడగుడమంది.

"మళ్ళీ ఊదు" అన్నాడు రేడియో.

ఫిట్టరు మళ్ళీ ఊదాడు. మళ్ళీ గుడగుడమంది.

"అయిదు" అన్నాడు ఫిట్టరు, బోల్టు అందుకుంటూ.

"నువ్వు చెప్పకు." రేడియో గుడ్డలన్నీ గొలుసు చక్రం మీద పరిచాడు. ఒక్కోదాన్నీ విప్పి, మడతల్లో ఇంకేమైనా దాగుందేమో దులిపి చూశాడు. వేలు పెట్టి ఒకటి నుంచి లెక్కపెట్టాడు. అయిదు వచ్చింది. అయినా వాటిని కలిపేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

ఫిట్టరు బోల్టు చేత్తో పట్టుకుని, అతను ముగించేదాకా నిలబడ్డాడు.